బిడ్డ ఏడవకపోతే చేతులు ఆడటం లేదు… కోర్సు చేసిన ఏడాదికే ఇలా అయితే ఎలా? మీ దగ్గర ప్రాక్టీస్ ఎలా చేస్తున్నారు?

కొండగాలి
అందరికీ నమస్కారం. ఏజెన్సీ ఏరియాలో ఒక సీహెచ్‌సీలో (కమ్యూనిటీ హెల్త్ సెంటర్) మెడికల్ ఆఫీసర్‌గా చేస్తున్నాను, ఇంటర్న్‌షిప్ అయి ఇంకా రెండేళ్లు నిండలేదు. పదిహేను రోజుల కింద జరిగింది రాస్తున్నాను, ఇప్పటికీ నిద్ర సరిగా పట్టడం లేదు.

రాత్రి రెండున్నరకు సిస్టర్ ఫోన్ చేస్తే క్వార్టర్స్ నుంచి పరిగెత్తాను. రెండో కాన్పు, నెలలు నిండాయి, ఉమ్మనీరు తేటగానే ఉంది, భయపడాల్సింది ఏమీ లేదు. బిడ్డ పుట్టింది, ఏడవలేదు. తుడిచాం, వీపు రుద్దాం, ఒళ్లు మెత్తగా వేలాడిపోతోంది. వార్మర్ (బిడ్డకి వేడి ఇచ్చే బల్ల) కిందికి తెచ్చి అంబు బ్యాగ్ (మాస్క్ ద్వారా చేత్తో నొక్కి గాలి పంపే సంచి) తీసుకున్నాను. ఆల్గోరిథమ్ మొత్తం నాకు కంఠస్థం, ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చార్ట్ గీసి చూపిస్తాను. కానీ మాస్క్ పెట్టి బ్యాగ్ నొక్కుతుంటే ఛాతీ లేవడం లేదు. పక్క నుంచి గాలి పోతున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది, అయినా నా చేయి మాస్క్‌ని ఇంకా గట్టిగా అదుముతోందే తప్ప వేరే ఏం చేయాలో తోచలేదు. సిస్టర్ "మేడమ్, తల బాగా వంగిపోయింది" అంటూ భుజాల కింద గుడ్డ మడిచి పెట్టి, గడ్డం కాస్త ఎత్తింది. అప్పుడు లేచింది ఛాతీ. కాసేపటికి ఏడ్చింది. 108లో ఎస్‌ఎన్‌సీయూకి (జబ్బుపడ్డ పసిబిడ్డల ప్రత్యేక వార్డు) పంపించాం, నాలుగో రోజు తల్లిపాలు తాగుతూ ఇంటికి వెళ్లిందని తెలిసింది.

నేను కోర్సు చేయని మనిషిని కాదు. ఇంటర్న్‌షిప్‌లో ఒక రోజు ఎన్‌ఆర్‌పీ (ఊపిరి తీయని పసిబిడ్డను బతికించే శిక్షణ) చేశాను, మానికిన్ (శిక్షణ బొమ్మ) మీద బాగా చేస్తున్నావని మెచ్చుకున్నారు కూడా. ఆ రోజుకీ ఈ రాత్రికీ మధ్య పద్నాలుగు నెలలు, ఈ మధ్యలో నేను బ్యాగ్ పట్టుకున్నది ఒకే ఒక్కసారి. మీ ఆసుపత్రుల్లో ఈ చేతి పని మర్చిపోకుండా ఏం చేస్తున్నారో చెప్పండి. చిన్న ఆసుపత్రిలో, డబ్బు పెద్దగా లేకుండా, మేం చేసుకోగలిగేది కావాలి.

సెకండియర్ పీజీ
మేడమ్, ముందుగా ఒక మాట, బిడ్డ బాగుంది, మీరు ఇద్దరూ కలిసి బతికించారు. ఇలా బయటికి చెప్పడానికే చాలా మందికి ధైర్యం చాలదు. నేను పిల్లల విభాగంలోనే ఉన్నాను, రోజూ సిజేరియన్లకు వెళ్తాం కాబట్టి మాకు చేయి ఆడుతూ ఉంటుంది. కానీ రెండు నెలలు వార్డు పోస్టింగ్ పడి మళ్లీ లేబర్ రూమ్‌కి వస్తే మొదటి రెండు మూడు బిడ్డల దగ్గర నాకూ తడబాటే.

పాలపిట్ట
నియోనేటాలజీలో (పసిబిడ్డల వైద్యం) ఉన్నాను, ట్రైనింగ్ ఇవ్వడం కూడా నా పనిలో భాగం. కొండగాలి గారూ, మీరు రాసింది చదువుతుంటే నా ముందు కూర్చున్న ఎంతో మంది జూనియర్ల ముఖాలు గుర్తొచ్చాయి. అది మీ ఒక్కరి లోపం కాదు, ఎందుకు అలా అవుతుందో లెక్క వేసి చూద్దాం.

వంద మంది బిడ్డలు పుడితే సుమారు 85 మంది ఎవరి సాయం లేకుండా ఊపిరి తీసుకుంటారు. ఇంకో 10 మందికి తుడవడం, వీపు రుద్దడం చాలు. సుమారు 5 మందికి మాత్రమే బ్యాగ్, మాస్క్ కావాలి. ఛాతీ నొక్కాల్సిన అవసరం వెయ్యిలో ఒకరికి వస్తుంది. మీ దగ్గర నెలకు 30 కాన్పులు అనుకుందాం, అంటే బ్యాగ్ పట్టాల్సింది నెలకు ఒకటి, రెండు సార్లు. అది నలుగురు డాక్టర్ల డ్యూటీల్లో పంచుకుంటే ఒక్కొక్కరికి రెండున్నర, మూడు నెలలకు ఒకసారి. చేతితో చేసే పని మూడు నుంచి ఆరు నెలల్లో జారిపోతుందని ఎన్నో చోట్ల పరీక్షించి చూశారు. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, తెలివి ఉంటుంది, చేయి పోతుంది. రాత పరీక్ష పెడితే ఏడాది తర్వాత కూడా మంచి మార్కులే వస్తాయి, మాస్క్ చేతికిస్తే గాలి లీక్ అవుతుంది. మీకు జరిగింది అచ్చంగా అదే.

ఇంకో మాట, నవజాత శిశువుకి గుండె ముందు ఆగదు, ఊపిరి ముందు ఆగుతుంది. ఊపిరితిత్తుల్లోకి గాలి వెళ్తే చాలా మందిలో గుండె దానంతట అదే పుంజుకుంటుంది. అందుకే మందులు, ట్యూబులు అన్నీ ఒక ఎత్తు, ఆ మాస్క్ ఒక్కటీ ఒక ఎత్తు. ఎవరికైనా ప్రాక్టీస్‌కి నెలకు పది నిమిషాలే దొరుకుతుంది అంటే ఆ పది నిమిషాలూ మాస్క్ మీదే పెట్టమంటాను.

సిస్టర్ 2008
డాక్టర్ గారూ నమస్తే. స్టాఫ్ నర్సుని, 2008 నుంచి లేబర్ రూమ్‌లోనే. ఒక మాట ఏమీ అనుకోవద్దు. డాక్టర్లు ఆరు నెలలకో ఏడాదికో మారిపోతారు, మేము ఉంటాం. బిడ్డ పుట్టిన మొదటి నిమిషంలో చాలాసార్లు గదిలో ఉండేది మేమే, మీరు మెట్లు ఎక్కి వచ్చేసరికే ఆ నిమిషం అయిపోతుంది. కాబట్టి ప్రాక్టీస్ పెడితే డాక్టర్లకు ఒకచోట, మాకు ఒకచోట పెట్టకండి. ఇద్దరినీ ఒకే బొమ్మ దగ్గర నిలబెట్టండి. తల వంగిపోయిందని డాక్టర్‌కి చెప్పడానికి చాలా మంది కొత్త సిస్టర్లకు భయం. బొమ్మ దగ్గర చెప్పడం అలవాటైతే బిడ్డ దగ్గర కూడా నోరు వస్తుంది.

ఇంకోటి, సామాను. ప్రాక్టీస్‌కి బ్యాగ్ తీస్తేనే తెలుస్తుంది వాల్వ్ లేదని, మాస్క్ పెద్దది ఒక్కటే ఉందని, సక్షన్ పైపు పగిలిందని. మా దగ్గర అలా మూడుసార్లు బయటపడింది. బిడ్డ వచ్చాక తెలిస్తే ఏం లాభం?

కొండగాలి
సిస్టర్ గారూ, ఆ రాత్రి మా సిస్టర్ నోరు తెరవకపోయి ఉంటే అన్న ఆలోచనే నన్ను నిద్రపోనివ్వడం లేదు. మీరు చెప్పింది అక్షరాలా నిజం. పాలపిట్ట సార్, మీరు వేసిన లెక్క మాకు సరిగ్గా సరిపోతుంది, మాది నెలకు పాతిక, ముప్పై మధ్యే.

కమ్యూనిటీ మెడిసిన్
ఇక్కడ టాంజానియా అనుభవం చెప్పాలి, ఈ విషయంలో నాకు బాగా నచ్చిన పాఠం అది. 2010లో 'హెల్పింగ్ బేబీస్ బ్రీత్' అని చిన్న ఆసుపత్రుల కోసం ఒక తేలికైన శిక్షణ వచ్చింది, మొదటి నిమిషంలో బ్యాగ్ మొదలవ్వాలి అన్నదే దాని ప్రాణం. టాంజానియా ఉత్తరాన హేడమ్ అనే పల్లెటూరి ఆసుపత్రిలో ఒక రోజు కోర్సు పెట్టారు. ఏడు నెలల తర్వాత మానికిన్ మీద పరీక్షిస్తే అందరూ బాగా చేశారు. లేబర్ రూమ్‌లో పక్కన నిలబడి నిజమైన బిడ్డలకు ఏం చేస్తున్నారో చూస్తే మాత్రం పెద్దగా మార్పు లేదు! 2013లో అచ్చైంది ఆ పరిశీలన. వాళ్లు అక్కడితో ఆగకుండా పద్ధతి మార్చారు. వారానికోసారి మూడు నుంచి ఐదు నిమిషాలు, లేబర్ రూమ్‌లోనే, ఉన్న బొమ్మ మీదే, దానికి తోడు నెలకోసారి ఇంకాస్త పెద్ద క్లాసు. పుట్టిన 24 గంటల లోపు చనిపోయే బిడ్డలు వెయ్యికి 11.1 నుంచి 7.2కి తగ్గారు, ఇది 2015లో వచ్చింది.

మన దగ్గర కూడా 2009 నుంచి నవజాత శిశు సురక్షా కార్యక్రమం ఉంది, రెండు రోజుల ట్రైనింగ్. ఎంతో మంది మెడికల్ ఆఫీసర్లు, సిస్టర్లు, ఏఎన్ఎంలు చేశారు, దాని వల్ల మేలు జరగలేదని నేను అనను. కానీ రెండు రోజులు నేర్పి చేతికి కాగితం ఇచ్చి పంపడంతో పని అయిపోయినట్టు లెక్క రాసుకుంటున్నాం. ఎంత మందికి ట్రైనింగ్ ఇచ్చామన్న రిజిస్టర్ ప్రతి జిల్లాలో ఉంటుంది, వాళ్లు మళ్లీ బొమ్మ ఎప్పుడు పట్టుకున్నారన్న రిజిస్టర్ నేను పని చేసిన ఏ జిల్లాలోనూ చూడలేదు. నా బాధ అదే.

సెకండియర్ పీజీ
ఒక అనుమానం అడుగుతాను, ఎవరూ తప్పుగా తీసుకోవద్దు. బొమ్మ మీద చేయడం నిజంగా అంత పనికొస్తుందా? నిజం బిడ్డ తడిగా, జారిపోతూ ఉంటుంది, ముఖం మీద తెల్లటి జిగురు, మాస్క్ నిలవదు. పక్కన తల్లి "బిడ్డ ఏడవట్లేదేంటి" అని అడుగుతూ ఉంటుంది. ఆ టెన్షన్ బొమ్మ దగ్గర ఎక్కడ వస్తుంది? పైగా మేం చదివిన కాలేజీలో స్కిల్ ల్యాబ్ ఉంది, ఖరీదైన మానికిన్ ఉంది, ఏడుస్తుంది, రంగు మారుతుంది, అన్నీ చేస్తుంది. ఇన్‌స్పెక్షన్ రోజు తప్ప దాని మీద కప్పిన గుడ్డ తీయరు, తాళం ఒకరి దగ్గర, అనుమతి ఇంకొకరి దగ్గర. పాడైతే ఎవరు జవాబు చెప్పాలన్న భయం. నాలుగేళ్లలో నేను దాన్ని ముట్టుకున్నది రెండుసార్లు.

లీడ్స్ తెలుగబ్బాయి
తమ్ముడూ, నేను ఇంగ్లండ్‌లో పిల్లల విభాగంలో ట్రైనీని, మాది ఒంగోలు దగ్గర. నీ ప్రశ్న న్యాయమైనదే. ఇక్కడ ఎన్‌ఎల్‌ఎస్ అని పసిబిడ్డలకు ఊపిరి అందించే కోర్సు, ఒకసారి పాసైతే నాలుగేళ్లు చెల్లుతుంది. కాగితం నాలుగేళ్లు చెల్లినా చేయి చెల్లదని వీళ్లకూ తెలుసు కాబట్టి మా యూనిట్‌లో కోర్సుతో సంబంధం లేకుండా సిమ్యులేషన్ పెడుతుంటారు. ల్యాబ్‌లో కాదు, లేబర్ రూమ్‌లోనే. ముందు చెప్పరు. ఎమర్జెన్సీ బెల్ మోగుతుంది, పరిగెత్తి వెళ్తే వార్మర్ మీద తడి టవల్‌లో చుట్టిన బొమ్మ, పక్కన తల్లి పాత్రలో ఒక మిడ్‌వైఫ్ ఏడుస్తూ ప్రశ్నలు అడుగుతూ ఉంటుంది. నువ్వు చెప్పిన టెన్షన్ వస్తుంది, నమ్ము. మొదటిసారి నేను సక్షన్ పైపు ఎక్కడుందో వెతుక్కుంటూ నలభై సెకన్లు పోగొట్టాను, మా గదిలో ఏ వస్తువు ఏ డ్రాయర్‌లో ఉందో ఆ రోజు తర్వాత ఇక మర్చిపోలేదు. అది ల్యాబ్‌లో ఎంత ఖరీదైన మానికిన్ మీద చేసినా తెలిసేది కాదు.

అయిపోయాక పది నిమిషాలు కూర్చుంటారు. "ఎందుకు అలా చేశావ్" అని నిలదీయరు, "ఆ టైమ్‌లో నీకు ఏం కనిపించింది, ఏం అనుకున్నావ్" అని అడుగుతారు. వచ్చిన కొత్తలో నాకు ఇది వింతగా ఉండేది, మనం రౌండ్స్‌లో అందరి ముందు తిట్లు తిని పెరిగినవాళ్లం కదా. కానీ తిడతారన్న భయం ఉంటే ఎవరూ తప్పు ఒప్పుకోరు, ఒప్పుకోని తప్పును దిద్దడం ఎవరి వల్లా కాదు.

ఒక్క జాగ్రత్త. ఇక్కడి వీడియోలు చూసి అక్కడ చేయకండి. ఇక్కడి పద్ధతిలో ముందుగా ఐదు ఇన్‌ఫ్లేషన్ బ్రెత్‌లు, ఒక్కొక్కటి రెండు, మూడు సెకన్లు పట్టి ఇస్తారు. మన దగ్గర నేర్పేది అమెరికా ఎన్‌ఆర్‌పీ దారి, మొదటి నుంచీ నిమిషానికి 40 నుంచి 60 చొప్పున. రెండూ కలిపేస్తే టీమ్‌లో ఒకరు ఒకటి చేస్తుంటే ఇంకొకరు ఇంకోటి లెక్కపెడుతుంటారు.

పాలపిట్ట
ఖరీదైన మానికిన్ గురించి. మాస్క్ పట్టుకోవడం నేర్చుకోవడానికి అది అవసరం లేదు. నియోనటాలీ అని నీళ్లు నింపే బొమ్మ ఉంది, నీళ్లు నింపితే పసిబిడ్డ బరువులాగే చేతిలో వేలాడుతుంది, తల సరిగా పెట్టకపోతే ఛాతీ లేవదు. పక్కన బల్బులు నొక్కితే బొడ్డు తాడు కొట్టుకుంటుంది, ఊపిరి తీస్తుంది, ఏడుస్తుంది. నేర్పేవాళ్లు బల్బు నొక్కడం మానేస్తే గుండె తగ్గిపోయినట్టే. చాలా జిల్లాల్లో ట్రైనింగ్‌ల కోసం వచ్చిన ఇలాంటి బొమ్మలు బీరువాల్లో ఉన్నాయి, వెతకండి, ఖచ్చితంగా ఎక్కడో ఒకటి దొరుకుతుంది.

కొత్త స్టెత్
హౌస్ సర్జన్‌ని. నాకో బేసిక్ డౌట్ సార్, నవ్వకండి. ఒక నిమిషానికి ఆప్గార్ (పుట్టిన బిడ్డ స్థితికి వేసే స్కోరు) చూశాకే కదా రిససిటేషన్ (ఊపిరి అందించే సాయం) కావాలో వద్దో నిర్ణయించేది? మాకు లేబర్ రూమ్‌లో ఆప్గార్ రాయడం తప్ప ఇంకేం ఇవ్వరు, బిడ్డ ఏడవకపోతే "పక్కకు జరుగు" అంటారు.

పాలపిట్ట
ఇందులో నవ్వడానికి ఏముందమ్మా, ఈ అపోహ పెద్దవాళ్లలో కూడా ఉంది. లేదు, ఆప్గార్ కోసం ఆగకూడదు. వర్జీనియా ఆప్గార్ అనస్థీషియా డాక్టర్, 1952లో ఆ స్కోరు తయారుచేశారు, బిడ్డ స్థితిని అందరూ ఒకే భాషలో చెప్పుకోవడానికి అది గొప్పగా పనికొస్తుంది. కానీ ఒక నిమిషానికి స్కోరు వేసేసరికి నువ్వు బ్యాగ్ మొదలుపెట్టేసి ఉండాలి. పుట్టగానే చూడాల్సినవి మూడే: నెలలు నిండాయా, ఒంట్లో బిగువు ఉందా, ఊపిరి తీస్తోందా లేక ఏడుస్తోందా. తుడిచి, తల సరిచేసి, అవసరమైతే నోరు తర్వాత ముక్కు సక్షన్ చేసి, ఇంకా ఊపిరి లేదన్నా, గుండె 100 కంటే తక్కువున్నా బ్యాగ్. ఇదంతా 60 సెకన్ల లోపల.

నిన్ను పక్కకు జరగమంటే బొమ్మ దగ్గర ముందు నిలబడు. బిడ్డ మీద నేర్చుకోవడానికి ఎవరూ చోటు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

ఊరి డాక్టర్
ముప్పై ఏళ్లుగా చిన్న ఊళ్లో ప్రాక్టీస్. మీ చర్చ బాగుంది. మా రోజుల్లో ఉమ్మనీరు పచ్చగా (బిడ్డ లోపలే మలవిసర్జన చేసి) ఉండి బిడ్డ మెత్తగా ఉంటే ముందు లారింగోస్కోప్ (గొంతు లోపల చూసే పరికరం) వేసి ట్యూబుతో గొంతులోది లాగేసేవాళ్లం, ఆ తర్వాతే బ్యాగ్. ఇప్పటి పిల్లలు నేరుగా బ్యాగ్ వేసేస్తుంటే నాకు చేయి ఆగదు.

పాలపిట్ట
సార్, మీరు అలా చేసి ఎంతో మందిని కాపాడారు, అప్పటికి అదే సరైన పద్ధతి. 2015లో మారింది. అందరికీ తప్పనిసరిగా అలా లాగడం వల్ల లాభం ఉందని రుజువు కాలేదు, ఊపిరి అందడం మాత్రం ఆలస్యమవుతోంది. ఇప్పుడు పచ్చనీరైనా మెత్తగా ఉన్న బిడ్డకి మిగతా అందరిలాగే మొదటి అడుగులు, తర్వాత బ్యాగ్. సరిచేసుకున్నా ఛాతీ లేవకపోతే, అడ్డు ఉందనిపిస్తే అప్పుడు ట్యూబుతో లాగుతాం. చేతికి పట్టిన పాత అలవాటు పోవాలన్నా బొమ్మే దారి సార్. మాట విని మెదడు ఒప్పుకుంటుంది, మీరే అన్నట్టు చేయి ఆగదు.

ఊరి డాక్టర్
అర్థమైంది. పాత అలవాటు అంత తొందరగా పోదు నాయనా. మా ఆసుపత్రిలో ఇద్దరు సిస్టర్లు ఉన్నారు, వాళ్లతో కలిసి నేను కూడా చేస్తాను.

ఫిజియో కర్నూలు
డాక్టర్ల చర్చలో దూరుతున్నందుకు మన్నించండి. పుట్టినప్పుడు ఊపిరి ఆలస్యమై మెదడు దెబ్బతిన్న పిల్లలు మా దగ్గరికి థెరపీకి వస్తారు. మెడ నిలవని రెండేళ్ల పిల్లను ఎత్తుకుని వారానికోసారి రెండు బస్సులు మారి వచ్చే తల్లి ఒకామె ఉంది. ఏం జరిగిందమ్మా అని అడిగితే అందరూ చెప్పేది ఒకే మాట, "పుట్టగానే ఏడవలేదండి". కొందరిది గర్భంలోనే జరిగిన నష్టం, లేబర్ రూమ్‌లో ఎవరూ ఆపగలిగేది కాదు, అది నాకు తెలుసు, ఎవరినీ అనడం లేదు. కానీ మీరు మాట్లాడుకుంటున్న ఆ ఐదు నిమిషాల ప్రాక్టీస్ విలువ నేను రోజూ కళ్లతో చూస్తున్నాను కాబట్టి రాస్తున్నాను. ఆపకండి.

కొండగాలి
(ఫిజియో గారూ, మీ పోస్టు మా సిస్టర్లకు చదివి వినిపించాను. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.)

పాలపిట్ట సార్, సిస్టర్ గారూ, ఇక పనిలోకి దిగుదాం. మా జిల్లా ట్రైనింగ్ సెంటర్ వాళ్లను అడిగితే నిజంగానే బీరువాలో ఒక బొమ్మ ఉంది, ఇచ్చారు. ఇప్పుడు ఐదు నిమిషాల్లో ఏం చేయాలో చెప్పండి. పెద్ద సీన్లు వద్దు, రోజూ చేయగలిగేది కావాలి.

సిస్టర్ 2008
మేము చేసేది చెప్తాను మేడమ్. ఉదయం డ్యూటీ మారేటప్పుడు. పాత డ్యూటీ వాళ్లు, కొత్త డ్యూటీ వాళ్లు ఇద్దరూ ఉంటారు కాబట్టి అదే మంచి టైమ్. ముందు బ్యాగ్‌ని అరచేతికి అడ్డం పెట్టి నొక్కాలి, చేతికి ఒత్తిడి తెలియాలి, వాల్వ్ బుస్ అనాలి, వదిలితే బ్యాగ్ మళ్లీ ఉబ్బాలి. మాస్కులు 0, 1 రెండు సైజులూ ఉన్నాయా, సక్షన్ లాగుతోందా, వార్మర్ వేడెక్కుతోందా. తర్వాత ఒకరు బొమ్మ దగ్గర, ఒకరు గుండె దగ్గర, ఒకరు గోడ గడియారం చూస్తారు. నేను కథ చెప్తాను: "నెలలు నిండాయి, నీళ్లు తేట, బిడ్డ మెత్తగా ఉంది". మొదలు.

గుండె చూసేవాళ్లు మనసులో లెక్క పెట్టుకోకూడదు. బొడ్డు తాడు పట్టుకుని లేదా స్టెత్ పెట్టి, రెండో చేత్తో బల్ల మీద వేలితో తట్టాలి, టక్ టక్ అని. అప్పుడు గదిలో అందరికీ తెలుస్తుంది. ఆరు సెకన్లలో ఎన్ని తట్టారో దాన్ని పదితో హెచ్చిస్తే చాలు. ఈ ఒక్క అలవాటుతో మా దగ్గర సగం గందరగోళం పోయింది.

పాలపిట్ట
సిస్టర్ గారు చెప్పినదానికి మాస్క్ ముక్క నేను కలుపుతాను. బొటనవేలు, చూపుడువేలు మాస్క్ మీద 'సి' ఆకారంలో, మిగతా మూడు వేళ్లు దవడ ఎముక మీద. గడ్డం కింద మెత్తటి చోట వేళ్లు పెట్టి నొక్కితే నాలుక వెనక్కి పోయి దారి మూసుకుపోతుంది, ఇది అందరూ చేసే తప్పు. ఇంకోటి, మాస్క్‌ని ముఖం మీదికి అదమకూడదు, దవడనే మాస్క్ దగ్గరికి ఎత్తాలి. కొండగాలి గారూ, ఆ రాత్రి మీరు అదుముతూ పోయారు, అదిమేకొద్దీ తల ఇంకా వంగింది. భుజాల కింద అంగుళం లోపు మందం గుడ్డ చాలు, ఎక్కువైతే మెడ వెనక్కి విరిగినట్టై మళ్లీ అదే సమస్య.

నొక్కే వేగానికి నోటితో "నొక్కు… రెండు, మూడు, నొక్కు… రెండు, మూడు" అనుకోవాలి. టెన్షన్‌లో అందరి చేయీ పరిగెడుతుంది. 15 సెకన్లకు గుండె పెరుగుతోందా అడగాలి. పెరగకపోతే ఛాతీ లేస్తోందా చూడాలి. లేవకపోతే ఈ వరసలో: మాస్క్ మళ్లీ సరిగా పెట్టు, తల మళ్లీ సరిచెయ్యి, నోరు ముక్కు సక్షన్, నోరు కొంచెం తెరువు, ఒత్తిడి పెంచు, అప్పటికీ కాకపోతే ట్యూబో లారింజియల్ మాస్కో (గొంతులో కూర్చునే మాస్క్). ఇంగ్లీషులో 'మిస్టర్ సోపా' అని మనం బట్టీ పట్టింది ఇదే. వార్మర్ పక్కన గోడకు తెలుగులో రాసి అతికించండి. ఛాతీ లేచేలా 30 సెకన్లు బ్యాగ్ చేశాక కూడా గుండె 60 కంటే తక్కువుంటేనే ఛాతీ నొక్కడం, మూడు నొక్కులకు ఒక ఊపిరి. ఛాతీ లేవకుండానే నొక్కడం మొదలుపెట్టే జూనియర్లను చాలా మందిని చూశాను, ఆ దారిలోకి పోకండి.

నేర్పేటప్పుడు తప్పు జరిగిన చోటే ఆపండి. చివరిదాకా వెళ్లి తర్వాత చెప్పడం కాదు. "ఆగు, పది సెకన్లు వెనక్కి వెళ్లు, మళ్లీ చెయ్యి." సరిగా వచ్చేదాకా అదే ముక్క. ఈ పద్ధతి అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ వాళ్ల దగ్గర పుట్టింది, ఐదు నిమిషాల క్లాసుకి కొలిచి కుట్టినట్టు సరిపోతుంది.

లీడ్స్ తెలుగబ్బాయి
అడ్రినలిన్ (గుండె పుంజుకోవడానికి ఇచ్చే మందు) ప్రాక్టీస్ కూడా నెలకోసారి పెట్టుకోండి అక్కా. మన దగ్గర వచ్చే ఆంప్యూల్ 1 మి.లీ.లో 1 మి.గ్రా., దాన్ని సెలైన్‌తో 10 మి.లీ. చేసుకోవాలి. రక్తనాళంలోకి కిలోకి 0.2 మి.లీ., 3 కిలోల బిడ్డకి 0.6. రాత్రి మూడింటికి ఈ లెక్క తప్పడం చాలా తేలిక. ఎక్స్‌పైరీ అయిన ఆంప్యూల్స్ దాచి వాటితో ప్రాక్టీస్ చేయండి, ఆ డబ్బా మీద 'ప్రాక్టీస్‌కి మాత్రమే' అని పెద్ద అక్షరాలతో రాసి వేరే బీరువాలో పెట్టండి, పొరపాటున ట్రాలీలోకి రాకూడదు.

కొత్త స్టెత్
మా బ్యాచ్ తరఫున సూపరింటెండెంట్ గారిని కలిశాం. స్కిల్ ల్యాబ్ తాళం వారానికి రెండు సాయంత్రాలు పీజీల పర్యవేక్షణలో ఇస్తామన్నారు. రిజిస్టర్‌లో సంతకం పెట్టాలట. పెడతాం.

కొండగాలి
ఆరు వారాల తర్వాత రాస్తున్నాను.

వారానికి నాలుగు రోజులు జరుగుతోంది, ఏడు రోజులు కుదరలేదు. ఓపీ రద్దీ రోజు, సిస్టర్ ఒక్కరే ఉన్న రోజు మానేస్తున్నాం. మొదటి వారంలోనే తెలిసింది, 0 సైజు మాస్క్ మా దగ్గర లేనే లేదు, రెండు బ్యాగుల్లో ఒకదానికి వాల్వ్ అతుక్కుపోయింది. ఇండెంట్ (సామాను కావాలని రాసే కాగితం) పెట్టాం, మాస్క్ వచ్చింది, బ్యాగ్ ఇంకా రాలేదు. గోడ మీద కాగితం మా సిస్టర్ చేతిరాతతో ఉంది.

మొదటి రోజు గడియారం పెట్టి చూస్తే బొమ్మ ఛాతీ లేవడానికి నాకు 95 సెకన్లు పట్టింది. ఇప్పుడు 45, 50 మధ్య. మా నలుగురు డాక్టర్లలో ఒకాయన మొదట రానన్నారు, ఇప్పుడు ఆయనే కథ చెప్తున్నారు, కవలలు అంటారు, నెల తక్కువ అంటారు, ఒక్కోసారి మధ్యలో కరెంటు పోయిందని లైటు ఆపేస్తారు.

ఈ మధ్యలో నిజమైన బిడ్డకి బ్యాగ్ పట్టాల్సి వచ్చింది ఒక్కసారే, అది నా డ్యూటీ కాదు. సిస్టరే చేసింది, డాక్టర్ వచ్చేసరికి బిడ్డ ఏడుస్తోందట. నా వంతు ఎప్పుడు వస్తుందో తెలియదు, భయం పోయిందని చెప్పను.

సార్, ఒక ప్రశ్న మిగిలింది. నా చేతులు చిన్నవి. మూడు వేళ్లు దవడ మీద పెడితే మాస్క్ ఒక పక్క లేచిపోతోంది. ఏం చేయాలి?

పాలపిట్ట
రెండు చేతులతో మాస్క్, దవడ పట్టుకోండి, బ్యాగ్ సిస్టర్ నొక్కుతారు. అది తక్కువతనం కాదు, లీక్ ఎక్కువగా ఉన్నప్పుడు అదే మంచి పద్ధతి. ఇద్దరూ కలిసి అలా ఒక వారం చేసి చూడండి, మీరు ఛాతీ చూస్తూ "నొక్కు" అంటే ఆమె నొక్కాలి.

సిస్టర్ 2008
నొక్కేవాళ్లు మేడమ్ ముఖం చూడకూడదు, వాళ్లు కూడా ఛాతీనే చూడాలి. ఇది మేము ఆలస్యంగా నేర్చుకున్నాం.

కొండగాలి
సరే. ఇవాళ నైట్ నాదే. బొమ్మలో గోరువెచ్చటి నీళ్లు నింపి వార్మర్ మీద పెట్టమని సిస్టర్‌కి ఇప్పుడే ఫోన్ చేశాను.